కుర్చీకి ఎదురుగా నిలబడినవాళ్ళ సినిమా

తెలుగులో రాజకీయ సినిమా అనగానే కుర్చీ మీద కూర్చున్న మనిషి కథే వస్తుంది. ఆయన మంచివాడైతే జనం బాగుపడతారు. చెడ్డవాడైతే ఇంకో మంచివాడు వచ్చి ఆ కుర్చీ లాక్కుంటాడు. రెండున్నర గంటలు మనం చూసేది ఈ పెనుగులాటే. ఆ కుర్చీ ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డవాడు ఎందుకు సంతకం పెట్టాడు, ఎందుకు నోరు మూసుకున్నాడు, ఇంటికెళ్ళి భార్యకు ఏం చెప్పుకున్నాడు అని అడిగే సినిమా మనకు చాలా అరుదు. నేను గట్టిగా నమ్మేది ఇది: అధికారం ఎలా పనిచేస్తుందో చూపించాలంటే కెమెరా లోబడినవాడి మొహం దగ్గరికి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళని సినిమా ఎంత క్రూరుడైన నియంతను చూపించినా, మనకు అధికారం గురించి కొత్తగా ఏమీ చెప్పదు.

ఈ నమ్మకం నాకు ఉద్యోగంలో కలిగింది. కడప జిల్లా కోర్టుల్లో స్టెనోగా పనిచేశాను. సాక్షి బోనులో నిలబడి చెప్పేదాన్ని జడ్జిగారు డిక్టేట్ చేస్తుంటే టైపు చేసేదాన్ని. కక్షల కేసుల్లో మొదటి సాక్షి చాలాసార్లు చనిపోయినవాడి భార్యో తమ్ముడో అయివుంటారు. శవం ముందు కూర్చుని పోలీసులకు పేరు పేరునా చెప్పిన మనిషి, కొన్నేళ్ళ తరువాత బోనెక్కి "నాకేం తెల్దు సార్, ఆ పొద్దు నేను ఊళ్ళోనే లేను" అంటారు. ప్రభుత్వం తరఫు వకీలు పీపీగారు లేచి సాక్షి ఎదురు తిరిగినట్టు ప్రకటించమని కోరతారు. జడ్జిగారు అనుమతిస్తారు. ఇక పీపీగారు తన సాక్షినే క్రాస్ చేయడం మొదలుపెడతారు. పోలీసుల ముందు ఫలానా మాట చెప్పారా? చెప్పలేదు. ఫలానావాడి చేతిలో వేటకొడవలి చూశానన్నారా? అనలేదు. ముద్దాయిలతో రాజీ పడి అబద్ధం చెబుతున్నారా? నిజం కాదు. ఒక్కో ప్రశ్న, ఒక్కో వాక్యం. మధ్యాహ్నం భోజనం వేళకు కేసు అయిపోయినట్టే.

ఆ సాక్షుల్లో చాలామంది జడ్జిగారి వైపు చూసేవాళ్ళు కాదు. హాలు వెనక తలుపు దగ్గర నిలబడిన ఎవరో ఒక మనిషి వైపు చూస్తూ చెప్పేవాళ్ళు. ఆయన ఏమీ చేయడు, బెదిరించడు, కనీసం కళ్ళెర్ర చేయడు. సెల్‌ఫోను చూసుకుంటూ ఉంటాడు, అంతే. నేను చూసిన అధికారం అది. దానికి డైలాగు లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు. కేకలు పెట్టాల్సిన అవసరం దానికి ఎప్పుడో తీరిపోయింది.

కోస్టా గవ్రాస్ తీసిన 'జెడ్' చూసినప్పుడు నాకు ఊపిరాడనిది అందుకే. 1963 మే నెలలో గ్రీసులోని థెస్సలొనీకిలో గ్రిగోరిస్ లాంబ్రాకిస్ అనే ఎంపీని శాంతి సభ నుంచి బయటికి వస్తుండగా మూడు చక్రాల బండిలో వచ్చినవాళ్ళు కొట్టి చంపారు. దాన్ని ఆక్సిడెంటుగా తేల్చేయాలని పోలీసు పెద్దలు చూశారు. కేసు విచారణకు వచ్చిన మేజిస్ట్రేటు మాత్రం సాక్షులను ఒక్కొక్కరినే పిలిచి, ఒకే తీరులో, ఒకే గొంతుతో ప్రశ్నలు అడుగుతూ పోయాడు. సినిమాలో ఆ విచారణ సాగుతున్నంతసేపూ టైపు కొట్టే శబ్దం వింటుంటే నా వేళ్ళు కదిలాయి.

అందులో శవపేటికలకు వార్నిష్ వేసే ఒక పనివాడు ఉంటాడు. నిజం చెప్పడానికి బయల్దేరితే దారిలో తల పగలగొడతారు. ఆసుపత్రి మంచం మీద ఉన్న అతని దగ్గరికి అధికారులు వచ్చి, నువ్వు జారిపడ్డావు అంటారు. అది ఊహించగలం. ఊహించలేనిది, అతని ఇంటివాళ్ళే వచ్చి, నీకెందుకీ గొడవ, మమ్మల్ని బతకనివ్వవా అని మీద పడటం. మా కోర్టు వరండాలో ఈ మాట ఎన్ని గొంతుల్లో విన్నానో. 'జెడ్' వచ్చింది 1969లో, తీసింది అల్జీరియాలో. ఎందుకంటే అప్పటికి గ్రీసు సైనికాధికారుల చేతిలో ఉంది. సినిమా చివర్లో ఆ ప్రభుత్వం నిషేధించినవాటి జాబితా చదువుతారు. పొడవు జుట్టు దగ్గర మొదలై సోఫోక్లీస్, టాల్‌స్టాయ్ దాకా పోయి, చివరికి 'జెడ్' అనే ఒక్క అక్షరంతో ఆగుతుంది. ఆ కేసు విచారించిన అసలు మేజిస్ట్రేటు సార్ట్‌జెటాకిస్‌ను సైనిక ప్రభుత్వం జైల్లో పెట్టింది. 1985లో ఆయనే గ్రీసు రాష్ట్రపతి అయ్యాడు. ఆ సంగతి సినిమాలో లేదు, ఉండే వీలూ లేదు. ఉంటే అది మళ్ళీ కుర్చీ కథ అయిపోయేది.

గూఢచారి సినిమాల సంగతికి వస్తాను. 1966లో 'గూఢచారి 116' వచ్చినప్పటినుంచి మనకు గూఢచారి అంటే కోటు, పిస్తోలు, విదేశీ ముఠా, చివరికి దేశాన్ని కాపాడటం. ఇప్పటి సినిమాల్లో టెక్నాలజీ మారింది, దేశభక్తి పాలు పెరిగింది. వాటిని చూసి ఆనందించేవాళ్ళతో నాకు పేచీ లేదు. అయితే నిఘా అనేది మామూలు మనుషుల బతుకులోకి వచ్చేది కోటు వేసుకుని కాదు. అది పక్కింటి తలుపు సందులోంచి వస్తుంది.

'ద లైవ్స్ ఆఫ్ అదర్స్' అనే జర్మన్ సినిమా 2006లో వచ్చింది, మరుసటి ఏడాది ఆస్కార్ తెచ్చుకుంది. కథ 1984 నాటి తూర్పు బెర్లిన్‌లో మొదలవుతుంది. స్టాజీ అనే రహస్య పోలీసు సంస్థలో పనిచేసే ఒక కెప్టెన్ ఒక నాటక రచయిత ఇంట్లో మైకులు పెట్టి, అటక మీద కూర్చుని రాత్రింబవళ్ళు వింటుంటాడు. వింటూ వింటూ మారిపోతాడు, చివరికి రచయితను కాపాడతాడు. అందరూ ఆ కెప్టెన్ గురించే మాట్లాడతారు. నన్ను పట్టుకున్నది మాత్రం ఒక చిన్న సీను. మైకులు పెట్టి బయటికి వస్తూ, ఎదురింటామె తలుపు కంతలోంచి చూసిందని అతను గ్రహిస్తాడు. తలుపు తట్టి, ఒక్క మాట బయటికి పొక్కితే నీ కూతురికి యూనివర్సిటీలో సీటు పోతుంది అని చెప్పి వెళ్ళిపోతాడు. అంతే. ఆమె ఎవరినీ మోసం చేయలేదు, ఎవరి మీదా చాడీ రాయలేదు. తలుపు వేసుకుంది. ఆ క్షణం నుంచి ఆమె కూడా ఆ యంత్రాంగంలో భాగం.

1989 నాటికి స్టాజీలో పూర్తికాలం ఉద్యోగులు సుమారు 91,000 మంది, రహస్యంగా సమాచారం ఇచ్చేవాళ్ళు దాదాపు 1,89,000 మంది. దేశ జనాభా కోటీ అరవై లక్షల చిల్లర. ఆ 1,89,000 మందిలో ఎక్కువమంది సహోద్యోగులు, స్నేహితులు, ఒకే మెట్ల మీద ఎక్కి దిగే ఇరుగుపొరుగువాళ్ళు. 1992 నుంచి ఎవరి ఫైలు వాళ్ళు చదువుకునే హక్కు వచ్చాక జనం ఆ గదుల్లో కూర్చుని తెలుసుకున్నది ఇదే: రాసింది ఎవరో కాదు, నావాళ్ళు.

ఈ సినిమా మీద ఒక అభ్యంతరం వచ్చింది, అది నాకు సరైనదే అనిపిస్తుంది. బెర్లిన్‌లో స్టాజీ పాత జైలు స్మారక కేంద్రాన్ని నడిపిన హుబెర్టస్ క్నాబె, అక్కడ షూటింగుకు అనుమతి ఇవ్వలేదు. ఇలా మారిపోయి బాధితుణ్ణి కాపాడిన స్టాజీ అధికారి ఒక్కడు కూడా చరిత్రలో లేడు, అలాంటివాణ్ణి హీరో చేయకూడదు అన్నది ఆయన వాదం. సినిమా గొప్పదే, ఆ పాత్ర వేసిన ఉల్రిష్ మ్యూహె నటన ఇంకా గొప్పది. అయినా అధికారంలో ఉన్నవాడి మనసు కరుగుతుంది అనే ఊరట మనకు అలవాటైన మత్తు. మన సినిమాలు దాని మీదే బతుకుతున్నాయి. ఎదురింటామెకు అలాంటి ఊరట దొరకదు, అందుకే ఆమె సీను నిజం.

మన దగ్గర ఆ మత్తు ఇంకో రూపంలో ఉంటుంది: మంచి నియంత. 'ఒకే ఒక్కడు'లో ఒక్కరోజు ముఖ్యమంత్రి వెళ్ళిన చోటల్లా అధికారులను అక్కడికక్కడే సస్పెండ్ చేస్తుంటే హాలంతా ఈలలు. 'భరత్ అనే నేను'లో ముఖ్యమంత్రి ట్రాఫిక్ జరిమానాలు వేలల్లో పెంచితే చప్పట్లు. ఆ ఉద్యోగి తప్పు చేశాడో లేదో ఎవరు విన్నారు? ఆ జరిమానా కట్టలేని ఆటోవాడు ఏం చేశాడు? ఆ ప్రశ్నలకు అక్కడ తావులేదు, కథ మనల్ని ఆ ఊపులో ముంచేస్తుంది. అవతలివాడి మాట వినకుండా శిక్ష వేయకూడదన్నది కోర్టులో పనిచేసేవాళ్ళకు మొదటి పాఠం. చట్టం నిదానంగా నడుస్తుందని నాకు తెలుసు, వాయిదాల బరువు నేనూ మోశాను. అయినా ఆ నిదానాన్ని తీసి పక్కన పెడితే మిగిలేది ఒక మనిషి ఇష్టం. ఆ ఇష్టం ఇవాళ లంచగొండి మీద పడుతుంది, రేపు ఎవరి మీద పడుతుందో చెప్పే సినిమా తెలుగులో రావడం లేదు.

2019 ఎన్నికల ముందు వరుసగా వచ్చిన బయోపిక్‌ల గురించి పెద్దగా చెప్పను. 'కథానాయకుడు', 'మహానాయకుడు', 'యాత్ర', అన్నీ ఆ జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే విడుదలయ్యాయి. మా కడపలో 'యాత్ర' చూసి ఏడ్చినవాళ్ళ కన్నీళ్ళు నిజమైనవే, వాటిని నేను గౌరవిస్తాను. కానీ అవి భక్తి సినిమాలు. భక్తుడు దేవుణ్ణి ప్రశ్న అడగడు.

ఇక మా సీమ మీద తీసిన సినిమాలు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన తరువాత పదేళ్ళపాటు మా ఊళ్ళు సుమోలకీ బాంబులకీ సెట్టింగులైపోయాయి. 'ఒక్కడు' వచ్చాక కర్నూలు కొండారెడ్డి బురుజును జనం చారిత్రక కట్టడంగా కంటే ఫైటు జరిగిన చోటుగా గుర్తుపెట్టుకున్నారు. మమ్మల్ని రాక్షసులుగా చూపించారని మావాళ్ళు బాధపడతారు. ఆ బాధ నాకూ ఉంది. దానికంటే పెద్ద ఫిర్యాదు ఇంకొకటి ఉంది. ఫ్యాక్షన్ ఎలా పనిచేస్తుందో ఆ సినిమాలు ఒక్క నిమిషమైనా చూపించలేదు. సారా వేలంపాటలు, ముగ్గురాయి గనులు, రోడ్డు కాంట్రాక్టులు, చౌక డిపో ఎవరి చేతిలో ఉండాలనే తగాదాలు, వీటితో పెరిగిన వ్యవస్థను రెండు ఇళ్ళ పగగా, రక్తంలో ఉన్న రోషంగా చూపించారు.

వాటిలో అస్సలు కనిపించని మనిషి వేగు. ఒక మనిషిని దారికాచి చంపాలంటే ఆయన ఏ రాత్రి ఇంట్లో పడుకుంటాడు, పొద్దున ఏ దారిన పోతాడు, జీపులో ఎంతమంది ఉంటారు, ముందు కూర్చునేది ఎవరు, ఇవన్నీ తెలియాలి. అవి చెప్పేవాడు ఎదుటి పార్టీవాడు కాడు. ఆయన ఇంట్లో కాఫీ తాగేవాడు, ఆయన పొలంలో కూలి చేసేవాడు, బస్టాండు దగ్గర టీ కొట్టువాడు. అప్పు ఉండి చెప్పినవాడు, కొడుకును వదిలిపెట్టమని చెప్పినవాడు, భయపడి చెప్పినవాడు. ఛార్జిషీటులో అతను ఉంటే చిట్టచివరి ముద్దాయిగా ఉంటాడు, చాలాసార్లు అసలు ఉండడు. ఊళ్ళో మాత్రం ఎవరు చెప్పారో అందరికీ తెలుసు. అతనితో కలిసి అదే నీళ్ళ ట్యాంకు దగ్గర బిందెలు పెట్టుకుని ఇరవై ఏళ్ళు బతుకుతారు. తూర్పు బెర్లిన్‌లో ఫైళ్ళు తెరిస్తేగానీ తెలియనిది మా ఊళ్ళలో ఫైలు లేకుండానే తెలుసు. ఇంతకంటే గొప్ప గూఢచారి కథ ఏ భాషలో దొరుకుతుంది? బాంబు పేలిన తరువాత దుమ్ము చూపించడానికి కోట్లు పెట్టినవాళ్ళు, బాంబుకు ముందు టీ కొట్టు దగ్గర జరిగిన అయిదు నిమిషాల మాటలు చూపించలేకపోయారు.

తెలుగువాళ్ళకు ఇలాంటి చూపు చేతకాదని అనుకుంటే నేను ఇంత రాయను. చేతనైందని మా జిల్లా మనిషే 1951లో చూపించాడు. పులివెందుల దగ్గర కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి'ని అందరూ ప్రేమకథ అంటారు, పాటలు పాడుకుంటారు. నేను దాన్ని తెలుగులో వచ్చిన గొప్ప రాజకీయ సినిమాల్లో ఒకటిగా చూస్తాను. అందులో రాజు దుర్మార్గుడు కాడు. సాక్షాత్తు కృష్ణదేవరాయలు, రసికుడు, కవిపండితులను ఆదరించినవాడు. మారువేషంలో తిరుగుతూ వాన కోసం ఆగిన చోట ఒక పల్లెటూరి పిల్ల ఆట చూసి మెచ్చుకుంటాడు. ఆమె బావ సరదాగా, మా మల్లికి పల్లకీ పంపించమని మీ రాజుగారికి చెప్పండి అంటాడు. కొన్నాళ్ళకు పల్లకీ నిజంగానే వస్తుంది.

ఇక్కడ ఎవరూ కత్తి దూయరు. మర్యాదగా, మేళతాళాలతో, నగలతో వస్తారు. డబ్బు మీద ఆశ ఉన్న తల్లి ఒప్పుకుంటుంది. ఊరు గొప్పగా చూస్తుంది. మల్లిని అడిగేవారు లేరు. రాణివాసంలోకి వెళ్ళాక బయటికి దారి లేదు, బావ లోపలికి వస్తే తల పోతుంది. మెచ్చుకోలుగా మొదలైన ఒక మాట, రాజుగారి నోట పడినందుకు, ఇద్దరు మనుషుల బతుకుల మీద గోడ అయిపోయింది. రాజు చివరికి క్షమిస్తాడు, సినిమా సుఖంగా ముగుస్తుంది. ఆ ముగింపు 1951 నాటి ప్రేక్షకుల కోసం, బహుశా నిర్మాణ ఖర్చు కోసం కూడా. కానీ అంతకుముందు రెండు గంటలు బి.ఎన్. రెడ్డి కెమెరా ఉన్నది మల్లి మొహం మీద. భానుమతిగారు ఆ రాణివాసంలో నడిచిన నడక చూడండి. మంచి రాజు ఉన్నా సరే, అడిగే హక్కు లేని చోట మనిషి ఎలా నలుగుతుందో ఆ నడకలో ఉంది. ఆ సినిమా నిర్మించిన వాహినీలో పాఠాలు నేర్చిన పరిశ్రమ, యాభై ఏళ్ళ తరువాత మా మీద తీసిన సినిమాల్లో తొడగొట్టడం దగ్గర ఆగింది.

భయం ఉంటుంది, సెన్సారు ఉంటుంది, అధికారంలో ఉన్నవాళ్ళు ఊరుకోరు అని నాతో వాదించేవాళ్ళు ఉన్నారు. నిజమే. దేశంలో దానికి పెద్ద ఉదాహరణే ఉంది. అమృత్ నాహటా తీసిన 'కిస్సా కుర్సీ కా' ప్రింట్లనూ నెగటివ్‌నూ ఎమర్జెన్సీలో తగలబెట్టారు. తరువాత దాని మీద కేసు నడిచింది. ఆ కేసులో సాక్షులు ఎదురు తిరగడం మొదలైంది. సాక్షులను లోబరచుకునే ప్రయత్నం జరిగిందని 1978లో సుప్రీంకోర్టు, ముద్దాయిల్లో ఒకడైన ఇందిరాగాంధీ కొడుకు సంజయ్ గాంధీ బెయిలును నెల రోజులు రద్దు చేసింది. 1979లో ట్రయల్ కోర్టు శిక్ష వేసింది, ఆ తరువాత సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. తీర్పుల సంగతి అలా ఉంచితే, సినిమా తగలబడిన కేసులో కూడా కథ సాక్షి దగ్గరికే వచ్చి ఆగిందని చూడండి. నాహటా ఆ సినిమాను మళ్ళీ తీసి విడుదల చేశాడు.

మలయాళంలో షాజీ ఎన్. కరుణ్ 'పిరవి' తీశాడు. ఎమర్జెన్సీలో, 1976 మార్చిలో, కాలికట్ ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పోలీసులు పట్టుకెళ్ళిన రాజన్ అనే విద్యార్థి మళ్ళీ ఇంటికి రాలేదు. శవం కూడా దొరకలేదు. తండ్రి కోర్టుకు వెళ్ళాడు, ఆ కేసు దెబ్బకు 1977లో ముఖ్యమంత్రి కరుణాకరన్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ ఉదంతం నుంచి పుట్టిన 'పిరవి'లో పోలీసు దెబ్బలు చూపించరు, ముఖ్యమంత్రినీ చూపించరు. ఒక ముసలి తండ్రి కొడుకు కోసం రోజూ వెళ్ళి బస్సు కోసం ఎదురుచూస్తాడు. 1989లో కాన్ ఉత్సవంలో దానికి ప్రత్యేక ప్రశంస దక్కింది. మన ఉమ్మడి రాష్ట్రంలో ఎమర్జెన్సీ పెట్టిన నెలకే, 1975 జూలైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులను పోలీసులు కాల్చిచంపారు. వారిలో ఒకరు వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి. పౌరహక్కులవాళ్ళ తార్కుండే కమిటీ వచ్చి విచారించింది, ప్రభుత్వం వేసిన భార్గవ కమిషన్ కూర్చుంది. ఆ తండ్రులు కూడా ఎదురుచూసే ఉంటారు. మన పెద్ద తెర ఎప్పుడూ వాళ్ళ వైపు తిరగలేదు.

తిరగకపోవడానికి కారణం సెన్సారు ఒక్కటే అనుకోలేను. 1977 ఎన్నికల్లో ఉత్తరాది అంతా ఎమర్జెన్సీ మీద తిరగబడి ఓటేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే వెళ్ళాయి. మిగిలిన ఆ ఒక్కటీ మా సీమలోదే. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి అప్పటి కర్నూలు జిల్లాలోని నంద్యాల నుంచి జనతా పార్టీ తరఫున గెలిచారు. స్పీకరయ్యారు, ఆ జూలైలోనే రాష్ట్రపతి అయ్యారు. ఆయన గురించి సినిమా తీద్దామంటే ఎవరైనా రాష్ట్రపతి భవన్ మెట్ల మీదే మొదలుపెడతారు. నాకు కావలసింది నంద్యాల ఓటరు. నలభయ్యొక్క చోట్ల ఒకలా, ఒక్క చోట ఇంకోలా ఓటు ఎందుకు పడింది? దక్షిణాదిలో ఎమర్జెన్సీ దెబ్బ అంతగా తగల్లేదని చెబుతారు. ఇరవై సూత్రాల పథకంలో ఇంటిస్థలం అందినవాళ్ళు కృతజ్ఞతతో వేశారని చెబుతారు. పేపర్లలో ఏమీ రాకపోతే ఏం జరిగిందో ఎలా తెలుస్తుందని ఇంకొందరు అంటారు. మాకు సొంతవాడని నంద్యాల గెలిపించిందని మరికొందరు. ఇవన్నీ నిజమే కావచ్చు. వాటి మధ్య నలిగిన కరణం, బడిపంతులు, రెడ్డిగారి ఇంటి ముందు వరుస కట్టించిన తలారి, వీళ్ళలో ఎవరి కళ్ళతో చూసినా అది కొత్త సినిమా అవుతుంది.

దానికి బురుజు సెట్టు అక్కర్లేదు, సుమోలు అక్కర్లేదు. 1977లో ఓటు హక్కు ఇరవై ఒక్క ఏళ్ళకు వచ్చేది, కాబట్టి అప్పుడు మొదటిసారి ఓటేసినవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దరిదాపుల్లో ఉంటుంది. నంద్యాలలో, ఆళ్ళగడ్డలో, కోవెలకుంట్లలో రచ్చబండల మీద ఇంకా కూర్చుని ఉన్నారు. సీమ మీద సినిమా తీయాలనుకునే కుర్రవాళ్ళు హైదరాబాదులో ఫైట్ మాస్టరును మాట్లాడుకునే ముందు రికార్డరు పట్టుకుని వాళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఎవరికి వేశారని ఒక్కటే అడిగి వచ్చేయకూడదు. ఆ రోజు బూతుకు ఎవరి బండిలో వెళ్ళారు, బయట ఎవరు నిలబడి ఉన్నారు, ఇంటికొచ్చాక ఎవరికి ఏమని చెప్పారు, ఇవి అడగాలి.